గుడ్ ఫ్రైడే: ఏడు మాటల్లో తనదైన ఒక్క మాట

గుడ్ ఫ్రైడే క్రైస్తవ సంవత్సరంలో అన్నిటికన్నా బరువైన రోజు. క్రిస్మస్‌కు ఉన్నట్టు దీనికి నక్షత్రాలు, కేకులు, కొత్త బట్టలు ఉండవు. ఇంట్లో పిల్లలకు చేతినిండా పని ఉండదు, పెద్దలకు వంట హడావిడి ఉండదు. తెలుగు సంఘాల్లో చాలామంది తెల్లబట్టలు కట్టుకుని మధ్యాహ్నం పన్నెండుకల్లా గుడికి చేరుకుంటారు, మూడు దాటాక బయటికి వస్తారు. మధ్యలో సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల మీద ఏడు ప్రసంగాలు, ఒక్కో మాటకు ఒక కీర్తన, ఒక ప్రార్థన. ఏటా ఇదే క్రమం. చిన్నప్పటినుంచీ తప్పకుండా వెళ్లేవాళ్లలో కూడా కొందరికి ఆ సాయంత్రం మిగిలేది ఆకలి, అలసట మాత్రమే. ఆ సంగతి పైకి చెప్పుకోరు. తమ భక్తిలోనే ఏదో లోపం ఉందనుకుని లోలోపల బాధపడతారు.

చాలాసార్లు ఆ లోపం భక్తిది కాదు. అంత పెద్ద సంగతిని మూడు గంటల్లో మొత్తంగా గుండెకు పట్టించుకోవాలని చూడటం వల్ల ఏదీ పట్టకుండా పోతుంది. ఏడు ప్రసంగాలూ శ్రద్ధగా విన్నవారికి ఏడూ కలగలిసిపోతాయి. ఆ రోజులోంచి తన బతుకుకు తగిలే ఒక్క మాటను ముందుగా ఎంచుకుని, దాని చుట్టూ ఒక చదువు, ఒక మౌనం, ఒక పని పెట్టుకున్నవారికి రోజు దగ్గరవుతుంది. ఎంచుకోవడం ఎలా, ఎంచుకున్నాక చేయాల్సింది ఏమిటి, ఎక్కడ జాగ్రత్తపడాలి అన్నదే ఈ అధ్యాయంలోని విషయం.

ఆ మూడు గంటలు ఎక్కడివి

మార్కు సువార్త ఆ రోజును గంటల లెక్కన చెబుతుంది. మూడవ గంటకు సిలువ వేయడం, ఆరవ గంట నుంచి చీకటి, తొమ్మిదవ గంటకు మరణం. పొద్దు పొడిచినప్పటినుంచి లెక్కవేస్తే ఇవి సుమారుగా ఉదయం తొమ్మిది, మధ్యాహ్నం పన్నెండు, మూడు గంటలు. నాలుగో శతాబ్దంలోనే యెరూషలేములో క్రైస్తవులు పన్నెండు నుంచి మూడు వరకు ఒకచోట కూడి కీర్తనలు, ప్రవక్తల మాటలు, సువార్తలు చదివించుకునేవారు. 380ల్లో అక్కడికి యాత్రకు వెళ్లిన ఎజీరియా అనే స్త్రీ ఆ సంగతులు రాసిపెట్టింది. ఉదయం పూట సిలువ మాను ముక్కను బల్ల మీద ఉంచి, దాని రెండు కొసలనూ బిషప్పు తన చేతులతో గట్టిగా పట్టుకుని కూర్చునేవాడట. జనం వరసగా వచ్చి నుదురు ఆనించి, కళ్లకు అద్దుకుని, ముద్దుపెట్టుకుని వెళ్లేవారు. చుట్టూ డీకన్లు కాపలా ఉండేవారు. అంతకుముందు ఎప్పుడో ఒకడు ముద్దుపెట్టుకునే నెపంతో పళ్లతో ఒక ముక్క కొరికి పట్టుకుపోయాడని, అందుకే ఆ కాపలా అని ఆమె రాసింది. ఆ మనిషి చేసింది దొంగతనమే. అయినా ఆ రోజులోంచి ఏదో ఒకటి తనకంటూ దక్కించుకోవాలన్న ఆరాటం ఎంత పాతదో ఆ ఒక్క సంగతి చెబుతుంది.

ఏడు మాటలను ఒక్కొక్కటిగా తీసుకుని ధ్యానించే మూడు గంటల ఆరాధన మాత్రం అంత పాతది కాదు. పెరూ దేశంలోని లీమా నగరంలో 1687లో వచ్చిన భూకంపాల తర్వాత, 17వ శతాబ్దం చివరిలో అలోన్సో మెసియా అనే జెస్విట్ ఫాదర్ దానికి రూపం ఇచ్చారని చెబుతారు. అక్కడినుంచి అది స్పెయిన్‌కు, ఇతర దేశాలకు, ఆ తర్వాత ప్రొటెస్టెంటు సంఘాలకూ చేరింది. తెలుగు లూథరన్, బాప్టిస్టు, సీఎస్ఐ సంఘాల్లో ఈనాడు ఇది ఎంతగా ఇమిడిపోయిందంటే, ఏడు మాటలు లేని గుడ్ ఫ్రైడేను చాలామంది ఊహించలేరు. కతోలికుల ఆరాధన తీరు వేరు. ఆ రోజు బలిపూజ ఉండదు, పీఠం మీద గుడ్డలు కూడా తీసేస్తారు, యోహాను రాసిన శ్రమల చరిత్ర చదువుతారు, సిలువకు నమస్కరిస్తారు, ముందురోజు ప్రతిష్ఠించిన సత్ప్రసాదాన్నే పంచుతారు. దానికి తోడు పద్నాలుగు స్థలాల సిలువ మార్గం ఉంటుంది. ఆ పద్నాలుగు అనే సంఖ్యను 1731లో పన్నెండవ క్లెమెంట్ పోపు స్థిరపరిచారు. విజయవాడ గుణదల కొండ మీద ఎండలో ఆ స్థలాల దగ్గర ఆగుతూ ఎక్కేవారికి మోకాళ్లు కూడా ప్రార్థనలో కలుస్తాయి.

సువార్తికులే పంచుకున్న మాటలు

ఏడు మాటలు ఒకే సువార్తలో లేవు. మత్తయి, మార్కులు ఒక్క మాటే చెప్పారు, ఇద్దరూ చెప్పింది అదే కేక. లూకా మూడు చెప్పాడు, యోహాను వేరే మూడు చెప్పాడు. ఏడింటినీ ఒక వరసలో కూర్చింది తర్వాతి కాలపు భక్తులు. అంటే సిలువను గురించి మొట్టమొదట రాసినవారిలో ఒక్కరు కూడా అన్ని మాటలనూ ఎత్తుకోలేదు. ఏడింటిలో ఒకదాన్ని పట్టుకుని కూర్చుంటే మిగతావాటిని తక్కువ చేసినట్టవుతుందేమోనని జంకేవారు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. మార్కుకు ఒక్క మాట సరిపోయింది.

ఎంపికకు కొలత ఒకటే: ఈ సంవత్సరం తన ఇంట్లో, తన ఒంట్లో, తన మనసులో తెగని సంగతి ఏది? ఏ మాట అందంగా ఉంది, ఏ మాట మీద పాస్టరు గారు బాగా చెబుతారు అన్నవి ఇక్కడ పనికిరావు. తెగని సంగతి దొరికితే దానికి తగిన మాట దానంతటదే ముందుకు వస్తుంది.

అమ్మానాన్నలు ఊళ్లో, పిల్లలు హైదరాబాదులోనో డాలస్‌లోనో ఉన్న కుటుంబాలకు మూడవ మాట సూటిగా తగులుతుంది. తల్లిని శిష్యుడికి చూపించి, శిష్యుణ్ని తల్లికి చూపించిన మాట అది. దీని మీద ప్రసంగాలు సాధారణంగా మాతృప్రేమ దగ్గర ఆగిపోతాయి. యోహాను 19వ అధ్యాయం 27వ వచనం చివరి వరకు చదివితే ఆ శిష్యుడు ఆ గడియ నుంచే ఆమెను తన ఇంట చేర్చుకున్నాడని ఉంది. ప్రాణం పోతున్న వేళ చేసిన ఏర్పాటు అది: ఆమె ఇకమీద ఎవరింట్లో ఉండాలి, ఎవరు చూసుకోవాలి. కాబట్టి ఈ మాట ఎంచుకున్నవారు ఆ రోజు ఫోనులో అమ్మ గొంతు విని కన్నీళ్లు పెట్టుకుంటే చాలదు. ఒక ఏర్పాటు చేయాలి. బీపీ మాత్రలు అయిపోకముందే తెచ్చిచ్చే మనిషిని కుదర్చడం, రాత్రిపూట తోడు పడుకునే ఆమె జీతం నెలనెలా ఎవరు పంపాలో అన్నదమ్ములు తేల్చుకోవడం, బ్యాంకు ఖాతాకు నామినీ పేరు రాయించడం, ఇలాంటిదేదైనా. బ్యాంకు పని గుడ్ ఫ్రైడే నాడు కాదు, సెలవు. మాట తేల్చుకోవడం మాత్రం ఆ రోజే జరగాలి.

నాలుగవ మాట, దేవుడు తనను విడిచిపెట్టాడన్న కేక, ఆ ఏడాది చావు చూసిన ఇంటికి చెందుతుంది. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి గుడిలో ఓదార్పు మాటలు చెప్పేవారు చాలామంది ఉంటారు, ఆమె ప్రశ్నను ప్రశ్నగా ఉండనిచ్చేవారు తక్కువ. ఈ మాట ఉండనిస్తుంది. ఇది 22వ కీర్తన మొదటి వచనం. ఆ కీర్తనలో 31 వచనాలున్నాయి. అది ఫిర్యాదుతో మొదలై, ఎముకలు లెక్కపెట్టుకునేంత బాధను దాటి, చివరికి స్తుతికి చేరుతుంది. దుఃఖంలో ఉన్నవారు ఆ స్తుతి దాకా ఆ రోజే చేరుకోవాలన్న నియమం లేదు. ఈ ఏడాది 21వ వచనం దగ్గర ఆగిపోయినా అది ప్రార్థనే. విశ్వాసం సన్నగిల్లినవారికి, గుడికి వెళ్లడం మానేసి ఇంట్లోవాళ్ల కోసం ఈ ఒక్కరోజు వచ్చి కూర్చునేవారికి కూడా మొదట అందేది ఈ మాటే.

మొదటి మాట క్షమాపణ. దీన్ని ఎంచుకోవడంలో ఒక ప్రమాదం ఉంది, అది గట్టిగా చెప్పాల్సిందే. తాగొచ్చి కొట్టే భర్తను ఈ మాట చూపించి భరించమని భార్యకు చెప్పడం ఆ మాటను ఆయుధంగా వాడటమే అవుతుంది. అలాంటి ఇంట్లో ముందు కావలసింది ఆమెకు రక్షణ. లూకా రాసినదాన్ని జాగ్రత్తగా చూస్తే, యేసు తనను హింసిస్తున్నవారిని క్షమించమని తండ్రిని అడుగుతాడు. ఇంకా మనసు రాని మనిషికి ఇది దారి చూపుతుంది. తాను ఇప్పుడే క్షమించలేకపోయినా, ఆ మనిషి లెక్కను దేవుడి చేతిలో పెట్టవచ్చు, పగ తీర్చుకునే పని తన చేతిలోంచి తీసేసుకోవచ్చు. తన వల్ల దెబ్బతిన్నవారు ఉంటే మాత్రం ఈ మాటకు ఎదురు దిక్కున నిలబడాలి. పొలం గట్టు దగ్గరో ఆస్తి పంపకాల్లోనో అన్యాయం చేసినవారు గుడిలో మోకరించడానికి ముందే ఆ ఇంటికి వెళ్లి రావాలి.

ఐదవ మాట దాహం. తెలుగు నేల మీద గుడ్ ఫ్రైడే మార్చి నెలాఖరులోనో ఏప్రిల్లోనో వస్తుంది కనుక ఈ మాటను వివరించడానికి వేరే ప్రసంగం అక్కర్లేదు. బస్టాండు దగ్గర పందిరి వేసి, ఇసుకలో కుండలు కుదురుగా నిలిపి, చుట్టూ తడిపిన గోనెపట్టా చుట్టి, పక్కన ముంత పెడితే అది చలివేంద్రం. ఈ మాట ఎంచుకున్న యువజన సంఘానికి ఇంతకన్నా మంచి పని దొరకదు. ఒక షరతు ఉంది. గుడ్ ఫ్రైడే నాడు బ్యానరు కట్టి, ఫొటో తీసుకుని, సోమవారానికి కుండలు ఎండిపోతే అలాంటి చలివేంద్రం పెట్టకపోవడమే మేలు. తొలకరి పడేదాకా రోజూ పొద్దున్నే కుండ కడిగి నీళ్లు నింపే మనిషి ఎవరో ముందే తేలాలి.

మిగిలిన మూడింటినీ క్లుప్తంగా చెప్పుకోవచ్చు. రెండవ మాట దొంగకు ఇచ్చిన భరోసా. జైల్లో ఉన్నవారి కుటుంబాలకు, ఏళ్ల తరబడి ఊరి చేత వేలెత్తి చూపించుకున్నవారికి అది తమదని ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆరవది పని నెరవేరిందన్న మాట. మొదలుపెట్టి వదిలేసిన బాధ్యత ఏదైనా ఉన్నవారు దాన్ని తీసుకోవచ్చు. ఏడవది ఆత్మను తండ్రి చేతికి అప్పగించే మాట, 31వ కీర్తనలోది. పాశ్చాత్య సంఘాల్లో నిద్రకు ముందు చేసే ప్రార్థనలో ఇది తరతరాలుగా ఉంది. వయసు మళ్లినవారు ఆ రాత్రి పడుకునే ముందు చెప్పుకోవడానికి ఇది చాలు.

చదువు, బొమ్మ, పాట

ఎంచుకున్న మాటను ఒంటరిగా పట్టుకుంటే అది కొన్నాళ్లకు నినాదంలా మారుతుంది. అది పుట్టిన కథలో దాన్ని చదవాలి. మార్కు 14, 15 అధ్యాయాలు కలిపి 119 వచనాలు. పైకి చదివితే అరగంట లోపే అయిపోతాయి. గురువారం రాత్రి గానీ శుక్రవారం పొద్దున గానీ ఇంటిల్లిపాదీ కూర్చుని, మధ్యలో వివరణలు లేకుండా, ఒకరి తర్వాత ఒకరు చదవడం మంచి పద్ధతి. పేతురు మూడుసార్లు బొంకి, కోడి కూత విని ఏడ్చిన భాగం ఇంట్లో పదో తరగతి పిల్లవాడు చదివితే, ఆ గదిలో ఉన్న పెద్దలకు ఏ ప్రసంగమూ చేయనంత మేలు చేస్తుంది. చదివాక ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు. ఫోన్లు వేరే గదిలో ఉండాలి.

కొందరికి అక్షరం కంటే బొమ్మ త్వరగా పడుతుంది. అలాంటివారికి ఫ్రాన్సులోని కోల్మార్ మ్యూజియంలో ఉన్న ఈజెన్‌హైమ్ పీఠచిత్రం తెలియాలి. గ్రూనెవాల్డ్ దాన్ని 1512-1516 మధ్య వేశాడు. వేసింది రాజుగారి కోటకు కాదు, ఆంథొనీ సన్యాసులు నడిపిన ఆసుపత్రి మఠానికి. బూజుపట్టిన రై ధాన్యం తిని, కాళ్లూ చేతులూ మంటలెత్తి కుళ్లిపోయే జబ్బుతో వచ్చినవారిని అక్కడ చేర్చుకునేవారు. ఆ చిత్రంలో సిలువ మీది యేసు చర్మం నిండా పుళ్లున్నాయి, వేళ్లు నొప్పితో కొంకర్లు పోయి ఉన్నాయి, ఒళ్లు పచ్చబడింది. ఆ రోగులకు ఆ ఒళ్లు తమ ఒళ్లులాగే కనబడి ఉంటుంది. సిలువ ధ్యానానికి ఇంతకు మించిన పాఠం చరిత్రలో అరుదు: ఆయన బాధలో తమ బాధ ఆనవాలు పట్టుకోగలిగినవారికి రోజు పరాయిదిగా ఉండదు. తెలుగువారికి అంత దూరం వెళ్లే పని లేదు. 1924లో ప్రతిష్ఠ జరిగిన మెదక్ కెథడ్రల్‌లో రంగుటద్దాల కిటికీల్లో సిలువ ఘట్టం ఉంది. వెలుతురు తగ్గేకొద్దీ ఆ రంగులు ఆరిపోతాయి. కాబట్టి పగలే వెళ్లాలి, ఫొటో తీసుకునే ముందు కాసేపు కూర్చోవాలి.

పాట విషయంలో ఒక చిన్న పద్ధతి. బాఖ్ మత్తయి శ్రమల సంగీతాన్ని 1727లో లైప్‌జిగ్‌లో గుడ్ ఫ్రైడే సాయంకాల ఆరాధన కోసమే వినిపించాడని పరిశోధకులు చెబుతారు. వినగలిగినవారికి అది ఒక సముద్రం. తెలుగువారికి దగ్గరగా ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఉంది, రాగతాళాలతో సహా అచ్చయింది. అందులో పురుషోత్తమ చౌదరి వంటివారు రాసిన కీర్తనలు నోటికి వచ్చిన ఇళ్లు ఇంకా ఉన్నాయి. మరీ నోటికి రావడం వల్లే మాట మీదికి ధ్యాస పోదు. ఒక శ్రమల కీర్తనను తీసుకుని, రాగం లేకుండా, చరణం చరణంగా ఒక్కసారి మామూలు గొంతుతో చదవాలి. తర్వాత పాడితే తేడా తెలుస్తుంది. జాషువా ‘క్రీస్తు చరిత్ర’ కావ్యాన్ని కూడా ఇలాగే పైకి చదువుకోవచ్చు. ఆ కావ్యానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. 1978లో వచ్చిన ‘కరుణామయుడు’ సినిమా చూసి కన్నీళ్లు పెట్టుకోని తరం లేదు. కన్నీళ్లు మంచివే. అవి రాకపోతే రోజు వ్యర్థమైందనుకోవడం మాత్రం పొరపాటు.

ఒళ్లు, సెలవు, నింద

ఉపవాసం విషయంలో అతి పనికిరాదు. కతోలిక నియమం ప్రకారం 18 నుంచి 59 ఏళ్ల వారికే ఆ రోజు ఉపవాసం విధి. దాని అర్థం ఒక పూర్తి భోజనం, కావాలంటే మరో రెండుసార్లు కొద్దిగా తినడం. జబ్బుపడ్డవారికి మినహాయింపు ఉంది. షుగరుకు మందులు వాడేవారు, గర్భిణులు, ముసలివారు ఎండాకాలంలో మంచినీళ్లు కూడా మానేసి మూడు గంటలు కూర్చోవడాన్ని ఏ సువార్తా అడగదు. వారు డాక్టరు మాట ప్రకారం తినాలి. తినే ఉపవాసం కూడా ఉంది. సగం రోజు టీవీ, ఫోను కట్టేసి, ఆ పూట ఇంటి ఖర్చు ఎంతో లెక్కగట్టి ఎవరికైనా ఇవ్వడం కడుపు మాడ్చుకోవడం కంటే తేలికేమీ కాదు.

సెలవు లేనివారి సంగతి వేరు. భారతదేశంలో ఇది ప్రభుత్వ సెలవు. అమెరికాలో కేంద్ర ప్రభుత్వ సెలవు కాదు. అక్కడి తెలుగువారిలో చాలామంది ఆ మధ్యాహ్నం మీటింగులోనే ఉంటారు. ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న నర్సుకు ఇండియాలోనైనా సెలవు దొరకదు. అలాంటివారు మూడు గంటలకు పది నిమిషాలు తప్పుకుని, ఎంచుకున్న మాట ఉన్న నాలుగైదు వచనాలు చదివి, నిలబడి మౌనంగా ఉండి తిరిగి పనిలోకి వెళ్లవచ్చు. నర్సు విషయంలో ఇంకొకటి కూడా నిజం. దాహంగా ఉన్న రోగి నోటికి నీళ్లు అందించడం ఆ రోజు ఐదవ మాటకు దూరం కాదు.

సిలువ కథ వింటున్నప్పుడు కోపం వస్తుంది, ఆ కోపానికి ఎవరో ఒకరు దొరకాలి అనిపిస్తుంది. యూరప్‌లో శతాబ్దాల పాటు ఆ కోపం యూదుల మీదికి మళ్లింది, పవిత్ర వారం వారికి భయపడే వారమైంది. 1959లో ఇరవై మూడవ జాన్ పోపు గుడ్ ఫ్రైడే ప్రార్థనలో వారిని కించపరిచే పదాన్ని తీసేయించారు. ఆ చావుకు యూదులందరినీ బాధ్యులను చేయకూడదని 1965లో రెండవ వాటికన్ మహాసభ ప్రకటించింది. పిల్లలకు ఈ కథ చెప్పేటప్పుడు ఈ జాగ్రత్త తప్పనిసరి. నింద వేయడానికి మనుషుల్ని వెతకడం మొదలుపెట్టిన చోట ధ్యానం ఆగిపోతుంది.

ఒక్క మాటను ఎంచుకోవడమంటే సంఘాన్ని వదిలేయడం కాదు. గుడిలో ఏడు మాటలూ వినాలి, తన మాట వచ్చినప్పుడు మరింత చెవి పెట్టాలి. బైబిలు వెనక పేజీలో ఆ సంవత్సరం, ఆ మాట, చేసిన పని ఒక పంక్తిలో రాసుకోవచ్చు. మాటను ఏటా మార్చాల్సిన అవసరం లేదు, తెగని సంగతి తెగేదాకా అదే ఉండవచ్చు. శనివారం రోజును కూడా ఖాళీగా వదలాలి. ఈస్టరు కేకు కోసం శుక్రవారం సాయంత్రమే బజారుకు పరుగెత్తితే పొద్దున చేసినదంతా చెదిరిపోతుంది. ఆదివారం తెల్లవారుజామున కొవ్వొత్తులతో సమాధుల తోటకు వెళ్లే ఆనవాయితీ ఉన్న ఊళ్లలో, శనివారం పూట అయినవాళ్ల సమాధి చుట్టూ గడ్డి పీకి సున్నం వేయడం ఆ రోజుకు సరైన పని.

2027లో భస్మ బుధవారం ఫిబ్రవరి 10న, గుడ్ ఫ్రైడే మార్చి 26న వస్తున్నాయి. మాటను ఎంచుకునే పనిని ఆ శుక్రవారం పొద్దుటికి వాయిదా వేయకుండా శ్రమదినాల మొదటి వారంలోనే చేసుకుంటే, దాన్ని చదువుకోవడానికి, చేయాల్సిన ఏర్పాటు చేయడానికి ఆరు వారాల వ్యవధి ఉంటుంది.